కంచెలో వాక్కాయ – కంచంలో బలం



ఆషాఢం వెళ్ళి శ్రావణం వచ్చేసరికి మన మెట్ట ఊళ్ళలో గట్ల మీద, కంచెల్లో, గుట్టల వారన ఒక ముళ్ళ పొద గుత్తులు గుత్తులుగా కాయలు కాసి కనపడుతుంది. కాయ మొదట పచ్చగా ఉంటుంది. తరువాత తెల్లని ఒంటి మీద గులాబీ రంగు చెంపలు తేలుతుంది. ఆ పైన ఎర్రబడి, చివరకు నల్లగా పండిపోతుంది. ఆ పొద ఏదో మీలో చాలామంది ఇప్పటికే చెప్పేసి ఉంటారు. అదే వాక్కాయ. కొన్ని ప్రాంతాలలో కలివికాయ అంటారు, కొన్నిచోట్ల కలెకాయ అంటారు. అడవిలో పశువులు కాసే పిల్లలు కోసుకొని తినే చిన్న నల్ల పండు కూడా ఈ జాతిదే, దీనికి చెల్లెలు వరస. ఈవేళ నేను చెప్పబోయేది ముఖ్యంగా పెద్ద కాయ కాసే వాక్కాయ గురించి.

"ఇంత చిన్న కాయ గురించి ఉపన్యాసం దేనికండీ? వరి గురించి చెప్పండి, పత్తికి పట్టే పురుగు గురించి చెప్పండి" అని మీరు అనవచ్చు. అవి చెప్పుకోవలసినవే. కాని పంట బాగుండి, పంట పండించే మనిషి బాగుండకపోతే ఏమి లాభం? ముందు ఆ సంగతి చూద్దాం.

నాట్లలోను, కలుపు తీతలోను రోజల్లా నడుము వంచి పనిచేసే ఆడవాళ్ళను చూడండి. పొద్దు తిరిగేసరికి కళ్ళు తిరుగుతున్నాయి అంటారు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. కనురెప్ప లోపలి భాగం ఎర్రగా ఉండవలసింది తెల్లగా పాలిపోయి ఉంటుంది. "ఏముంది, పని బడలిక" అని సరిపెట్టుకుంటారు. అది బడలిక మాత్రమే కాదు. చాలామందికి అది రక్తహీనత. 2019–21 సంవత్సరాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను కూడా నూటికి 57 నుంచి 59 మందికి రక్తం తక్కువగా ఉన్నది. అంటే నాట్లు వేసే పదిమందిలో ఆరుగురు తగ్గిన బలంతోనే పనిచేస్తున్నారన్న మాట. గర్భిణికి రక్తం లేకపోతే కాన్పు సమయంలో తల్లి ప్రాణానికే ముప్పు. పుట్టే బిడ్డ బరువు తక్కువగా పుడుతుంది. పిల్లవాడికి రక్తం లేకపోతే చదువు మీద ధ్యాస నిలవదు. ఇది చిన్న సంగతి కాదు.

రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం తయారు కావడానికి ఇనుము కావాలి. మన దేశపు పోషకాహార శాస్త్రజ్ఞులు 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం పెద్ద స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము ఆహారంలో అందాలి. మగవానికి 19 చాలు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషికే ఎక్కువ ఇనుము కావలసి ఉన్నది! ఈ ఒక్క మాట మగవాళ్ళు మనసులో ఉంచుకోవాలి.

ఇక వాక్కాయ దగ్గరకు వద్దాం. "వాక్కాయ తింటే రక్తం పడుతుంది" అని పెద్దలు అంటారు. కొందరు పుస్తకాలు చూసి, "ఎండు వాక్కాయ 100 గ్రాములలో 39 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నది, ఇంక మాత్రలు ఎందుకు?" అని కూడా అంటారు. పాత ఆహార పట్టికలలో ఆ అంకె ఉన్న మాట నిజమే. కాని అది ఎండు కాయ లెక్క అన్న సంగతి మరచిపోతారు. పచ్చికాయలో నూటికి 91 పాళ్ళు నీరే. 100 గ్రాముల ఎండు కాయ కావాలంటే సుమారు 900 గ్రాముల పచ్చికాయ ఎండబెట్టాలి. ఆ లెక్కన 100 గ్రాముల పచ్చికాయలో 4 మిల్లీగ్రాముల చిల్లర ఉంటుంది. ఇంటిల్లిపాదికి పప్పులో చేరెడు కాయలు వేస్తాం. మనిషి వాటాకు 20, 25 గ్రాములకు మించి రావు. అంటే ఒక్క మిల్లీగ్రాము. కావలసింది 29, వచ్చింది 1. మరి పెద్దల మాట తప్పా?

తప్పు కాదు. వాక్కాయ చేసే మేలు ఇంకొక దారిని వస్తుంది. ఎలాగో చెబుతాను, వినండి.

మనం తినే జొన్న, సజ్జ, రాగి, కందిపప్పు, తోటకూర, మునగాకు, వీటన్నిటిలోను ఇనుము ఉన్నది. కాని ధాన్యంలోను, ఆకులోను ఉండే ఇనుము ఒంటికి పట్టడం కష్టం. పదిపాళ్ళు తింటే ఒక పాలు కూడా పట్టక మిగతాది అలాగే బయటికి పోతుంది. చెరువు నిండా నీళ్ళున్నా తూము మూసి ఉంటే చేలోకి చుక్క రాదు కదా! ఆ తూము తెరిచేది పులుపు. పుల్లని పండ్లలో ఉండే సి విటమినూ, నిమ్మ పులుపు వంటి ఆమ్లాలూ ఆ ఇనుమును కరిగించి ఒంటికి పట్టేటట్లు చేస్తాయి. వాక్కాయలో ఈ రెండూ ఉన్నాయి. ఉసిరి, జామ, నిమ్మ కూడా ఇదే పని చేస్తాయి. సి విటమిను మాటకు వస్తే ఉసిరి, జామ వాక్కాయ కంటె ముందు నిలుస్తాయి. అయితే కొనకుండా, నీళ్ళు పెట్టకుండా, మన కంచెలోనే వానాకాలంలో దొరికేది వాక్కాయ.

కనుక పప్పులో వాక్కాయ వేసిన తల్లి, తోటకూర పప్పులో పులుపు పిండిన తల్లి శాస్త్రం చదవకపోయినా శాస్త్రం ప్రకారమే వండింది. ఆవిడ లెక్క తప్పలేదు. లెక్క తప్పింది మనకే, భోజనం కాగానే గ్లాసెడు టీ తాగే అలవాటు చేసుకున్నాం కనుక. టీలో ఉండే వగరు ఇనుమును పట్టి బిగించేస్తుంది. వాక్కాయ తెరిచిన తూమును టీ మూసేస్తుంది. టీ తాగవద్దనను. భోజనానికి గంట ముందో, గంటన్నర తరువాతో తాగండి.

వండే పద్ధతి గురించి రెండు మాటలు. అయిదుగురు ఉన్న ఇంటికి పావుకిలో కందిపప్పు, ఒక పెద్ద కట్ట తోటకూర, 100 నుంచి 125 గ్రాముల వాక్కాయలు చాలును. కాయలను కొంచెం ఉప్పు వేసిన నీళ్ళలో కడిగితే జిగురు పాలు పోతాయి. రెండుగా కోసి గింజలు తీసేయండి. పప్పు మెత్తగా ఉడికిన తరువాతనే వాక్కాయ వేయాలి. పులుపు ముందు పడితే పప్పు ఉడకదు, అది మీకు నేను చెప్పనక్కరలేదు. దీనిలో ఇంకొక లాభం కూడా ఉన్నది. సి విటమిను ఎక్కువసేపు ఉడికితే నశిస్తుంది. చివరలో వేసి మూత పెట్టి, ముక్క మెత్తబడగానే దింపితే కొంత నిలుస్తుంది. వేడికి విటమిను కొంత పోయినా పులుపునిచ్చే ఆమ్లాలు అంత తొందరగా పోవు. అందుచేత వండిన వాక్కాయ కూడా వృథా కాదు. మాంసం, రొయ్యలు తినేవారు వాటిలోనూ చింతపండుకు బదులు వేసుకోవచ్చును.

పాతకాలపు ఇనుప మూకుడు ఇంట్లో ఉంటే అటక మీద నుంచి దింపండి. వాక్కాయ ముక్కలు, పచ్చిమిరపకాయలు దానిలో మగ్గబెట్టి పప్పులో కలపండి. పులుపు ఇనుప పాత్రను తాకితే కొద్దిగా ఇనుము కూరలోకి దిగుతుంది. కూర రంగు కాస్త నల్లబడితే భయపడకండి. అయితే వండగానే వేరే గిన్నెలోకి తీయాలి. రాత్రంతా ఇనుప పాత్రలోనే ఉంచితే రుచి చెడుతుంది. అల్యూమినియం గిన్నెలో మాత్రం పుల్లని కూరలు వండకపోవడం మంచిది.

ఏడాది పొడుగునా ఉండాలంటే ఊరగాయ పెట్టుకోవాలి. కాయ దోరగా, గట్టిగా ఉన్నప్పుడు కోసి, కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, గింజ తీసి, కిలో ముక్కలకు సుమారు 150 గ్రాముల ఉప్పు, తగినంత పసుపు, కారం, ఆవపిండి, నూనె కలిపి జాడీలో పెట్టండి. ఎండబెట్టి ఒరుగులు కూడా చేసుకోవచ్చు. కాని ఎండిన కాయలో సి విటమిను దాదాపు మిగలదు, పులుపు మాత్రం మిగులుతుంది. ఊరగాయ అంటే ఉప్పు అని కూడా మరవకండి. మనిషికి రోజు మొత్తానికి 5 గ్రాముల ఉప్పు, అంటే ఒక చిన్న చెంచాడు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రక్తపోటు ఉన్నవాళ్ళు ఊరగాయ మానుకొని పచ్చికాయ పప్పులో తినడమే మేలు.

దూరదేశపు సంగతి ఒకటి చెబుతాను. ఐరోపా ఖండంలో ఉత్తరాన స్వీడన్, ఫిన్లాండ్, నార్వే అనే చలి దేశాలు ఉన్నాయి. అక్కడి అడవుల నీడన మోకాలెత్తు కూడా లేని చిన్న మొక్కలకు లింగన్ బెర్రీ అనే ఎర్రని పుల్లని పండు కాస్తుంది. మన వాక్కాయకూ దానికీ చుట్టరికం లేదు, కాని రంగు, పులుపు, పేదవాడి ఇంటి పండు అనే పేరు, మూడూ ఒకటే. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఇంటిల్లిపాదీ బుట్టలు పట్టుకొని అడవికి పోయి ఏరుకొస్తారు. ఎవరి అడవి అయినా పండు ఏరుకొనే హక్కు అక్కడ అందరికీ ఉన్నది. ఆ పండులో సహజంగానే కుళ్ళకుండా కాపాడే ఒక ఆమ్లం ఉండటం వల్ల చక్కెర లేకుండా, ఉత్త నీళ్ళలో వేసి పెట్టినా నెలల తరబడి నిలవ ఉంటుంది. జావలోనూ, మాంసంలోనూ నంజుకొని శీతాకాలమంతా తింటారు. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం వారు 2014లో ఒక పరిశోధన ప్రకటించారు. కొవ్వు ఎక్కువగా ఉన్న మేత పెట్టిన ఎలుకలకు ఈ పండు కూడా కలిపి పెడితే అంతగా బరువు పెరగలేదు, నెత్తుటిలో చక్కెర కూడా అదుపులో ఉన్నది. అయితే అది ఎలుకల సంగతి. ఎలుకకు పనిచేసినదల్లా మనిషికి పనిచేయాలని లేదు. ఆ దేశస్థులు పరిశోధన వచ్చేదాకా ఆగి పండు తినలేదు. తాతముత్తాతల నాటి నుంచి భోజనంలో భాగంగా తింటున్నారు. మనం నేర్చుకోవలసింది అదే. దొరికిన కాలంలో వదలకుండా కోసుకోవడం, నిలవ పెట్టుకోవడం, మందులా కాక అన్నంతో పాటు తినడం.

మరి మనం ఏం చేస్తున్నాం? గంప నిండా వాక్కాయలు సంతకు తీసుకుపోయి వచ్చిన ధరకు అమ్ముతాం. ఆ కాయల్లో కొన్ని వర్తకుల చేతుల మీదుగా పోయి, గింజ తీయించుకొని, సహజమైన రంగు పోగొట్టుకొని, చక్కెర పాకంలో ఊరి, ఎర్రని రంగు పూసుకొని "చెర్రీ" అనే పేరుతో మళ్ళీ మన ఊరి కొట్టుకు వస్తాయి. మిఠాయి కిళ్ళీలో, కేకు మీద, బన్నులో కనిపించే ఆ ఎర్రని పండు చాలావరకు మన వాక్కాయే! పిల్లవాడు ఏడిస్తే పైసలు పెట్టి అదే కొనిపెడతాం. కాయ వెళ్ళింది, రంగూ చక్కెరా వచ్చాయి. ఆ డబ్బుతోనే బలానికి సీసా మందు కొనే తల్లులు కూడా ఉన్నారు. అమ్మవద్దని నేను అనను. ముందు మీ ఇంటి కంచానికి తీసిపెట్టి, మిగిలింది అమ్మండి.

ఇప్పుడు కొన్ని జాగ్రత్తలు. ఇవి ముఖ్యమైనవి.

వాక్కాయ ఆహారం, అంతేకాని మందు కాదు. రక్తహీనత ముదిరిన మనిషికి పప్పు, ఆకుకూర, పులుపు వీటితోనే తీరదు. ఆరోగ్య కేంద్రంలో నెత్తురు పరీక్ష చేయించండి. గర్భిణికి 11 గ్రాముల కంటె తక్కువ, మామూలు స్త్రీకి 12 గ్రాముల కంటె తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. గర్భిణులకు ప్రభుత్వం వారు ఇచ్చే ఇనుము మాత్రలు 180 రోజులు తప్పక వేసుకోవాలి. మలం నల్లగా వచ్చిందనో, వికారంగా ఉందనో మానేసి దూలం సందులో దాచిపెట్టేవాళ్ళున్నారు. మలం నల్లబడటం మాత్ర గుణం, భయం లేదు. మాత్రను టీతో కాని పాలతో కాని వేసుకోకండి. నీళ్ళతో వేసుకోండి, నిమ్మరసం కలిపిన నీళ్ళైతే మరీ మంచిది. సున్నపు మాత్ర, అంటే కాల్షియం మాత్ర కూడా ఇస్తారు. దానిని వేరే పూట వేసుకోవాలి.

చెప్పులు లేకుండా బహిర్భూమికి, తడి నేలలోకి పోయేవారికి అరికాలి గుండా కొంకి పురుగులు ఎక్కి పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. పురుగు పీలుస్తుంటే ఎంత పప్పు తిన్నా చిల్లి కుండలో నీళ్ళు పోసినట్టే. చెప్పులు తొడుక్కోండి, మరుగుదొడ్డి వాడండి, పిల్లలకు నులిపురుగుల మాత్ర ఇచ్చే రోజున బడికి తప్పక పంపండి.

పచ్చి వాక్కాయ పాలు గొంతుకు పట్టి గరగర పుట్టిస్తాయి. పిల్లలను పరగడుపున పచ్చికాయలు తిననీయకండి. కడుపులో మంట ఉన్నవారు తక్కువ తినాలి. ఇంకొక సంగతి. వాక పొద గన్నేరు కుటుంబానికి చెందినది. వాక్కాయ తినదగినదే కాని గన్నేరు కాయ ప్రాణం తీస్తుంది. పాలు కారే ప్రతి కాయా వాక్కాయ అనుకొని పిల్లలు నోట పెట్టకుండా పొదను చూపించి, జంట ముళ్ళు చూపించి గుర్తు నేర్పండి. చక్కెర వ్యాధికీ, గుండె జబ్బుకూ వాక్కాయ మంచిదని ఎవరైనా చెబితే విని, పండు తినండి, కాని డాక్టరు ఇచ్చిన మందు మాత్రం మానకండి.

ఇక రైతుకు లాభం. ఈ పొద రాళ్ళ నేలలో పెరుగుతుంది, ఎండకు ఓర్చుకుంటుంది, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. రెండేళ్ళు నిలదొక్కుకుంటే నీరు పెట్టే పని లేదు. జంట ముళ్ళతో దట్టంగా అల్లుకున్న వాక కంచెలో పశువు దూరదు. తీగ కంచెకు పెట్టే ఖర్చులో చాలా భాగం మిగులుతుంది. బాగా నల్లబడిన పండ్ల నుంచి గింజలు తీసి, కడిగి, నీడన ఆరబెట్టి వెంటనే నారు పోయాలి. గింజ నిలవ ఉంటే మొలక శక్తి త్వరగా పోతుంది. ఈ సంవత్సరం పోసిన నారు వచ్చే తొలకరికి నాటవచ్చు. కంచెకైతే రెండు మూడు అడుగులకు ఒక మొక్క, తోటగా వేస్తే 3 మీటర్ల దూరం. మూడవ ఏట నుంచి కాపు మొదలవుతుంది. ఎదిగిన పొద నుంచి 3 నుంచి 5 కిలోల కాయ వస్తుంది. పెద్ద కాయ రకాలు కావాలంటే పంత్‌నగర్ విశ్వవిద్యాలయం వారి పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ రకాలు, కొంకణ ప్రాంతపు కొంకణ్ బోల్డ్ ఉన్నాయి.

చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉన్నది. కంచె అందంగా ఉండాలని పూత ముందు గోడలా కత్తిరిస్తారు. వాక్కాయ పూత కొమ్మ చివరల్లో వస్తుంది. చివర కత్తిరిస్తే కాయ ఎక్కడిది? కోత అయిపోయిన తరువాతనే కత్తిరించండి. పండిన కాయ మూడు నాలుగు రోజులకు మించి నిలవదు. కనుక దూరపు సంతకు దోరకాయ, ఇంటికి పండు కాయ అని వేరు చేసి కోయండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక విన్నపం. 1950లో కె. ఎం. మున్షీ గారు వనమహోత్సవం ప్రారంభించిన నాటి నుంచి ఏటా వానాకాలంలో మొక్కలు నాటిస్తూనే ఉన్నాం. నీడనిచ్చే చెట్లతో పాటు బడి చుట్టూ, అంగన్‌వాడీ చుట్టూ ఒక వరుస వాక మొక్కలు నాటించండి. ముళ్ళు పిల్లలకు తగలకుండా దారికి కొంచెం ఎడంగా వేయించండి. మొక్క నాటిన రోజునే తల్లులను కూర్చోబెట్టి, ఆ పొయ్యి మీదనే పప్పు వండి చూపించండి. అంకెలు చెబితే మరచిపోతారు. నాలుకకు తగిలిన రుచి మరవరు.

చివరగా మగవాళ్ళకు ఒక మాట. ఈ రాత్రి అన్నానికి కూర్చున్నప్పుడు పప్పు గిన్నె అడుగు చూసి లేవండి. ఆవిడ వాటా మిగిలిందా లేదా అని చూసి లేవండి. పదిమందిలో ఆరుగురికి రక్తం లేదని చెప్పానే, ఆ ఆరుగురిలో ఒకరు మీ ఇంట్లోనే ఉండవచ్చు. కంచెలో కాసినది ఆవిడ కంచంలోకి వచ్చిన నాడే ఈ ఉపన్యాసం విన్న ఫలితం దక్కినట్టు.